సూపర్‌వైజరు గారి హుకుం

మా కుట్టు షెడ్డులో కొత్త సూపర్‌వైజరు మాట ఎవరూ వినరు. అందరం గుండీలు కుట్టే పిన్ని మాటే వింటాం. ఈరోజు ఓనరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడనీ, మాట చెల్లకపోతే ఉద్యోగం ఊడుతుందనీ అతను నా దగ్గర గోలపెట్టాడు.

"భోజనం గంట మోగే ముందు 'లేవండి' అని కేకెయ్యి అల్లుడూ," అన్నాను.

అరిచాడు. వెంటనే గంట మోగింది. నలభై మందిమీ లేచాం. గుమ్మంలో నిలబడ్డ ఓనరు మురిసిపోయాడు.

"భేష్! ఇప్పుడు కూర్చోమను."

"కూర్చోండి!" అన్నాడు. ఆకలి మీద ఎవడు కూర్చుంటాడు? నేను పైకప్పు చూశాను.

"కూర్చోండెహె, వెలుతురుకి అడ్డం!" అంది పిన్ని.

టకీమని కూర్చున్నాం. ఓనరు కూడా.

కూర్చునే అడిగాడు. "పిన్నీ, ఇతన్ని ఉంచమంటావా?"

"సూదిలో దారం ఎక్కించడం వస్తే ఉంచు."