ఎడమ అరచెయ్యి

ఆ బడిలో గోడకున్న పెద్ద తెరకు బుద్ధి చెప్పి దారికి తెచ్చింది నేనే. ఉలీ సుత్తీ పట్టుకునే వడ్రంగివాడికి కంప్యూటరు తెరతో పనేమిటని మీరు నవ్వొచ్చు. మా బావ అక్కడ లెక్కల మాస్టారు. ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజున ఆయన పరువూ, పిల్లల తెరా, రెండూ నా స్క్రూడ్రైవరు కొన మీద నిలబడ్డాయి. వినండి మరి.

ఆ పొద్దున మాస్టారు అద్దం ముందు నిలబడి, దువ్వెనతో లేని జుట్టును వెతుకుతున్నారు. పొట్టి మనిషి. నల్లబల్ల పై వరస అందుకోబోయి అందుకోబోయి, ఏళ్ళు గడిచేసరికి కుడి భుజం ఎడమదాని కంటే కాస్త పైకి లేచిపోయింది. గోళ్ళ సందుల్లో సుద్ద ఎంత కడిగినా వదలదు.

"పొట్ట దగ్గర బొత్తాం వేలాడుతోంది. ఆగండి, కుట్టేస్తాను," అంది మా అక్క, ఆయన భార్య.

"ఈ ఒక్కరోజుకేగా."

"ఒక్కరోజు పరువు పరువు కాదేమిటి?"

ఆయన వినిపించుకోలేదు. అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేశారు. మనసంతా తెర మీదే ఉంది.

సంగతేమిటంటే, ఆ ఏడాది మొదట్లో గది గదికీ ఒక తెర వచ్చింది, వేలితో తాకితే బొమ్మలు కదిలే రకం. మిగతా గదుల్లో అవి చెప్పిన మాట వింటున్నాయి. ఈయన చెయ్యి వేస్తే చాలు, బొమ్మ బెలూనులా ఉబ్బేది. లేకపోతే చీమంతయి మూల దాక్కునేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆయన తెర ఆపేసి పక్కనున్న నల్లబల్ల దగ్గరికి పోయేవారు. అక్కడ ఆ చెయ్యి కళ్ళెం లేని గుర్రం. చివరికి హెడ్ మేడమ్ తేల్చి చెప్పేశారు. కొత్త మాస్టారు ఎప్పుడొస్తారో తెలీదు, వాడని తెర గోడకు దండగ. ఆఖరి రోజు తానే వచ్చి కూర్చుంటారు. ఆ రోజూ పాఠం నడవకపోతే తెర విప్పించి అవతలి బడికి పంపేస్తారు. విప్పడానికి కబురు నాకొచ్చింది. బిగించింది నేనేగా.

"బావా, నువ్వు మొదలుపెట్టకముందే విప్పేయనా? నవ్వులపాలయ్యే బాధ తప్పుతుంది," అన్నాను దారిలో.

"నోరు మూసుకుని నడవరా." కొంత దూరం పోయాక ఆయనే అన్నారు. "నా పరువు పోతే పోనీ. నావల్ల పిల్లల తెర పోయిందనుకో, రేపటి నుంచి ఈ వీధిలో నడవలేనురా."

నేను పనిముట్ల సంచి భుజం మార్చుకుని వెనకే నడిచాను.

మేడమ్ చివరి బెంచీలో కూర్చున్నారు. పక్కన నేను, ఒళ్ళో పనిముట్ల సంచి.

"మిమ్మల్ని సాయంత్రం కదా రమ్మన్నాను?"

"మీకు ఆలస్యం కాకూడదనండి."

మాస్టారు తెర వెలిగించారు. అడుగున ఒక గీత, పైన దానికి సమాంతరంగా ఇంకో గీత. అడుగు గీత మీద కూర్చుని, పై గీతకు కొన ఆనించిన త్రిభుజం. మూలన దాని వైశాల్యం అంకెల్లో. ఆయన చెయ్యెత్తారు. ఎత్తగానే బొత్తాం టప్పున ఊడి, బెంచీల కిందికి దొర్లుకుంటూ పోయింది. తరగతి గొల్లుమంది. ఆయన ఎడమ చేత్తో చొక్కా అంచులు రెండూ బిగబట్టుకుని, కుడి వేలు తెరకు ఆనించారు.

త్రిభుజం కొన కదిలింది. గీత వెంబడి బుద్ధిగా నడిచింది. వెనక్కి లాగితే వెనక్కి వచ్చింది.

ధైర్యం వచ్చి, ఆయన అలవాటుగా ఎడమ అరచెయ్యి తెరకు ఆనించారు. బొమ్మ బుస్సున ఉబ్బింది. చెయ్యి తీశారు, ఆగింది. ఆనించారు, ఉబ్బింది. నల్లబల్ల మాస్టార్లకు ఎడమ చెయ్యి బల్లకు ఆనించి, ఆ ఆసరాతో కుడిచేత్తో రాయడం అలవాటు. తెర లెక్క వేరు. రెండు చేతులు తగిలితే బొమ్మను సాగదీయమనో, కుదించమనో దానికర్థం. పాపం, ఇన్నాళ్ళూ అది చెప్పినట్టే చేస్తోంది!

"అయితే దీనికి రెండు మాటలు చెబుతున్నది నేనన్నమాట!" అన్నారు మాస్టారు. ఏడాది నుంచీ బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలారు.

తర్వాత కొనను గీత చివరిదాకా లాగారు. త్రిభుజం ఈనెపుల్లలా సాగింది. వైశాల్యం అంకె కదల్లేదు.

ముందు బెంచీ పిల్ల, అందరూ 'ప్రశ్నల పుట్ట' అంటారు, లేచి నిలబడింది. "అంకె పాడైపోయింది సార్. అంత సాగితే మారదా?"

"పాడైందో లేదో నువ్వే వచ్చి చూడు. కొనను పైకి లాగు."

లాగింది. అంకె పెరిగింది. కిందికి తెచ్చింది, తగ్గింది. పక్కకు జరిపింది, ఉలుకూ పలుకూ లేదు. పిల్ల ఇంకోసారి పక్కకు జరిపి చూసింది. "ఎత్తు మారట్లేదు సార్... అడుగూ అదే!"

మాస్టారు వెంటనే తెర ఆపేశారు. "అది చూపించింది. ఎందుకో ఇప్పుడు మనం రాద్దాం," అంటూ సుద్ద తీసి నల్లబల్ల దగ్గరికి నడిచారు. అడుగూ ఎత్తూ మారకపోతే వైశాల్యం మారదని ఎన్నేళ్ళుగానో పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పిన మాట అది. ఆ పూట సుద్ద కోసం కొట్లాడి మరీ రాశారు.

మేడమ్ లేచారు. "సంచి తీసుకెళ్ళిపోండి."

అదీ నా ఘనకార్యం. మొదట చెప్పిన గొప్పలన్నీ కలిపి చూస్తే, నేను చేసిందల్లా స్క్రూడ్రైవరు సంచిలోంచి తీయకపోవడం. ఆ తెర కూడా కాస్త వంకరగానే బిగించాను.

ఆఖరి గంట మోగాక మాస్టారు నల్లబల్ల తుడిచారు. జేబురుమాలుతో తెర తుడిచారు. ప్రసంగాలేమీ లేవు. గేటు దాటి, "అమ్మయ్య," అన్నారు. ఆ బడికి ఆయన మళ్ళీ పాఠం చెప్పడానికి వెళ్ళలేదు.

బొత్తాం సంగతి నా కల్పన. మా అక్క బొత్తాం కుట్టకుండా మొగుణ్ణి గడప దాటనిస్తుందా? ఇది చదివితే నన్ను ఉతికి ఆరేస్తుంది. నిజానికి మేడమ్‌ను చూసిన కంగారులో ఆయన ఎడమ చెయ్యి జేబులో దూర్చుకున్నారు, అంతే. అందులో చెప్పుకోవడానికేముంది? అందుకని కథలో బొత్తాం నేనే ఊడగొట్టాను. నల్లబల్ల ఎడమ అంచు మాత్రం ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. రంగు వేయమని నాకు అప్పగించారు, ఇంకా వేయలేదు. అక్కడ నలుపు అరిగి అరిగి, అరచెయ్యంత మేర లోపలి చెక్క నున్నగా బయటపడి ఉంది.