మసిగాడి వంతు

"ఒరేయ్ వెందెల్, మసిగాడిని తెచ్చిపెట్టరా," అన్నాడు అంబ్రూష్ ఆసుపత్రి మంచం మీద నుంచి. "ఆట ఇద్దరికీ సమానంగా ఉంది. ఇప్పుడు కొట్టాల్సిన దెబ్బ నాది. వాణ్ని గుప్పిట్లో పెట్టుకుని లోపలికి పోతాను."

"మధ్యాహ్నం ఆపరేషన్ పెట్టుకుని గుండీ గోలేమిటన్నయ్యా?"

"గుండీ అంటావేంరా! గోల్ పడుతుందని భయమా?" అని నవ్వబోయి అంబ్రూష్ కడుపు పట్టుకున్నాడు.

మసిగాడు గుండీయే. అమ్మ చర్చికి వేసుకునే నల్లకోటుది. వీళ్ల చిన్నప్పుడు నాన్న దాన్ని గడప రాతి మీద అరగదీసి, మైనం రుద్ది, బల్ల మీద ఆడే గుండీల ఆటకు ఫుట్‌బాల్ ఆటగాణ్ని చేసిచ్చాడు. అమ్మ ఆ వారమంతా నాన్నతో మాట్లాడలేదు. ఆ కాలంలో హంగేరీ దేశపు దెబ్రెత్సెన్‌లో మగపిల్లలున్న ఏ ఇంట్లోనూ కోట్లకు గుండీలు పూర్తిగా ఉండేవి కావు లెండి. దువ్వెన ముక్కతో అంచు నొక్కితే మసిగాడు ఎగిరి బంతిని కొట్టేవాడు. బంతి అంటే చొక్కా గుండీ. ఇప్పటి పిల్లలకు దుకాణాల్లో ప్లాస్టిక్ జట్లు దొరుకుతున్నాయి, వాటి మొహం! ఈ అన్నదమ్ములు మాత్రం తలలు నెరిసినా ప్రతి ఆదివారం వంటింటి బల్ల మీద ఆ పాత జట్లతోనే కలబడేవారు. పోయిన ఆదివారం అంబ్రూష్ దువ్వెన ఎత్తాడు, అంతలోనే నొప్పితో బల్ల మీద వాలిపోయాడు.

వెందెల్ ఇంటికి పరుగెత్తి గుండీల రేకు డబ్బా తెరిచాడు. అందరూ ఉన్నారు, మసిగాడు లేడు. డబ్బా బోర్లించాడు, బల్ల కింద పాకాడు, చెత్తబుట్ట నేల మీద కుమ్మరించాడు, పొయ్యిలో బూడిద కూడా కెలికాడు. "ఎక్కడ చచ్చావురా!" అని కనబడని గుండీని తిట్టాడు. అడుగుదామంటే భార్య ఎతెల్కా ఇంట్లో లేదు. ఊరి ఆ చివర చెల్లెలింట్లో పంది కోస్తుంటే సాయానికి వెళ్లింది. ట్రామ్ కోసం నిలబడే ఓపిక లేక మంచులో పడి నడిచాడు.

ఎతెల్కా మోచేతుల దాకా మిరపకారం పూసుకుని సాసేజీలు కూరుతోంది.

"మసిగాడెక్కడే?"

"ఏం మనిషండీ మీరు, బావగారిని వదిలేసి వచ్చారా?"

"మసిగాడెక్కడ అంటుంటే!"

"బావగారి కోటుకు కుట్టాను. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు చూస్తే పై గుండీ లేదు. దానికి నప్పింది అదొక్కటే. ఇంటికొచ్చాక విప్పి ఇద్దామనుకున్నా. ఇంత చలిలో కోటు తెరుచుకుని ఎలా వెళ్తారండీ?"

వెందెల్ తల కొట్టుకున్నాడు. ఆ కోటును అన్న ఒంటి మీద నుంచి తీసి మంచం పక్క బీరువాలో తగిలించింది తనే. మఫ్లర్ కింద గుండీని చూసుకోలేదు. ఏమనాలి ఆ కళ్లను! అన్న అడిగినప్పుడు మసిగాడు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాడు.

"దేవుడా, కాస్త ఆపు," అని తిరుగు ట్రామ్‌లో పైకే మొరపెట్టుకున్నాడు. ఎదుటి సీటులో పెద్దావిడ భయపడి లేచిపోయింది. ఆసుపత్రి మెట్లెక్కి గదిలోకి వచ్చి పడ్డాడు. మంచం ఖాళీ.

"అనుకున్నదానికంటే ముందే తీసుకెళ్లారండీ," అంది నర్సు. "మీరొచ్చారేమోనని ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు."

వెందెల్ బీరువా తెరిచి, పళ్లతో దారం కొరికి, గుండీ ఊడబెరుక్కుని ఆపరేషన్ గది దగ్గరకు పరుగెత్తాడు. తలుపు మూసి ఉంది. రెండు చేతులా బాదాడు.

"ఇదొక్కటి మా అన్న చేతిలో పెట్టండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా!"

ఎవరూ తియ్యలేదు. బెంచీ మీద కూలబడి, మసిగాడిని అరచేతిలో కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, మాస్కు దించి, తల అడ్డంగా ఊపాడు.

శవపేటికలో పెట్టే రోజు ఎతెల్కా కోటు ఇస్త్రీ చేసి తెచ్చింది. పై గుండీ చోట దారప్పోగులు వేలాడుతున్నాయి.

"ఇంకోటి వెతికి కుడతాలెండి. మసిగాడిని మీరుంచుకోండి," అంది.

"సూది ఇలా ఇవ్వు."

కుట్టు ఎరగని చేతులు. వేలికి గుచ్చుకుంది, దారం తెగింది, మళ్లీ ఎక్కించాడు. మసిగాడిని గట్టిగా కుట్టి, అన్న మెడ దగ్గర కోటును తనే బిగించాడు.

"చలి కదే," అన్నాడు ఏడుపు ఆపుకోలేక. "తెరుచుకుని ఎలా వెళ్తాడు? పైగా కొట్టాల్సిన దెబ్బ అన్నయ్యదే."