తన గొంతే వెనక్కొచ్చింది

పళ్ళడాక్టరు గారి ఆసుపత్రిలో కొత్త ఫోన్లు బిగిస్తున్న మనిషికి ఆ పొద్దున కాలు నిలవడం లేదు. స్క్రూ ఒకచోట పెడతాడు, ఇంకోచోట వెతుకుతాడు. అతన్ని అందరూ ‘హడావిడి’ అంటారు. అనరూ మరి! ఎదుటివాళ్ళు సగం మాట అనేలోపు మిగతా సగం తనే పూర్తిచేసి, జవాబు కూడా తనే చెప్పేస్తాడు. వారం కిందట భార్య “మీతో ఒక మాట” అని మొదలుపెడితే, “అద్దె కట్టేశాలే” అని అందుకున్నాడు. “అది కాదండీ” అంది. “గ్యాసు కూడా చెప్పేశాలే” అన్నాడు. ఆవిడ ఆ మాట కడుపులోనే దాచుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఈ సాయంత్రం బస్సెక్కి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరిపోతోందని ఆ అక్క, అంటే ఇతని వదిన, కబురు పెట్టింది. ఈయనగారు చేస్తే మాత్రం భార్య ఫోనెత్తదు.

“ఇది పాత ఫోనులాంటిది కాదమ్మా, ఇంటర్నెట్ మీద నడుస్తుంది,” అని కౌంటరు దగ్గర అమ్మాయికి గబగబా చెప్పుకుపోతున్నాడు. “మన మాటని ముక్కలు చేసి, పొట్లాలు కట్టి పంపిస్తుంది. అవతలి ఫోను వాటిని విప్పి వరసగా అతికిస్తుంది. పొట్లం దారితప్పిందా, మాట తెగుతుంది.”

“మరి నా గొంతు...”

“తిరిగి మీకే వినపడితేనా? తప్పు మీది కాదు. అవతలివాళ్ళు స్పీకర్లో పెట్టారన్నమాట. మీ మాట వాళ్ళ మైకులో దూరి వెనక్కొస్తుంది.”

ఆ అమ్మాయి అడగబోయింది అది కాదేమో, మూతి ముడుచుకుంది.

ఫోను పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఎవరో ఒకరికి చెయ్యాలిగా! వదిన నంబరు నొక్కాడు.

“వదినా, నేనే. దాన్ని బయల్దేరొద్దని చెప్పండి. దానికేం తెలుసు!”

‘దానికేం తెలుసు!’ అని చెవిలో ఎవరో విసుక్కున్నారు. ఉలిక్కిపడ్డాడు. అది తన గొంతే. ఇంత కటువుగా ఉంటుందా!

“అది ఇంట్లో లేదు మరిదిగారూ, బజారుకెళ్ళింది,” అంది వదిన.

బజారుకెళితే మరి స్పీకరు ఎవరికోసం? నిలదీద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

“వదినా, ఆ రోజు మీ చెల్లెలు ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. ఎప్పుడూ చెప్పనివ్వలేదు. అదేమిటో నాకింకా తెలీదు. వెళితే వెళ్ళనీండి, ఆ ఒక్క మాటా చెప్పి వెళ్ళమనండి. మధ్యలో అందుకోను.”

‘మధ్యలో అందుకోను’ అంది తన గొంతు. అతనికి సిగ్గేసింది.

అవతల ఏదో కదిలిన చప్పుడు.

“హలో?” అన్నాడు.

ఈసారి హలో తిరిగి రాలేదు. స్పీకరు ఆపేశారు. ఎవరో ఫోను చెవికి ఆనించుకున్నారు. ఊపిరి వినపడుతోంది. అది ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. నాలుక మీదికి పది మాటలు తోసుకొచ్చాయి, కాలు నేలమీద టకటకలాడింది, నోరు మాత్రం విప్పలేదు.

“ఉద్యోగం వచ్చిందని చెబుదామనుకున్నా ఆ రోజు,” అంది ఆవిడ చివరికి. “చెప్పి, మీరు కూడా నాతో...”

ఆగిపోయింది.

మిగతా సగం అతనికి తెలిసిపోయింది. జవాబు కూడా సిద్ధంగా ఉంది. అయినా రిసీవరు రెండు చేతులా పట్టుకుని, ఆ సగం ఆవిడే అనేదాకా ఆగాడు.