కొట్టుడు పలక

"దీని మీద చేపలు తోమినావా?"

అంగమ్మాళ్ కొట్టుడు పలకను ముక్కు దగ్గర పెట్టుకుని మరోసారి వాసన చూసింది. కోడలు తేన్మొళి పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"కడిగే పెట్టినా గదత్తా. ఇంట్లో ఉండే చెక్క అదొక్కటే."

"ఇది చెక్కా? నా చెయ్యి!"

"రాత్రి చేపల కొళంబు అన్నంలో రెండుసార్లు పోసుకుంటిరి. అప్పుడు వాసన రాలేదా?"

తేంగాయితిట్టు రేవులో చేపల వ్యాను నడిపే కొడుకు గుణశేఖరన్ చొక్కా వేసుకుంటూ నవ్వాడు. "ఈ సాకుతోనైనా పని మానుకోమ్మా. ఏడాదిగా చెప్తా ఉండా."

"నా చెయ్యి తాళం తప్పిన దినం నేనే మానుకుంటా. నువ్వు చెప్పే పన్లేదు."

పలకను కొంగులో చుట్టి చంకన పెట్టుకుని ఆమె బస్సెక్కింది.

బక్కపలచని మనిషి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త దిగి ఉంటుంది. అరికాళ్ళ పగుళ్ళలో సున్నం ఎంత తోమినా పోదు. పెళ్ళైన కొత్తలో అత్త వెంట మిద్దెల మీద సున్నాన్ని పలకలతో అణగ్గొట్టే పనికి వచ్చింది. పలక అత్తదే. తర్వాత ఊరంతా సిమెంటు కప్పులు వచ్చాయి, మిద్దె కొట్టే ఆడవాళ్ళ వరస చెదిరిపోయింది. అంగమ్మాళ్ చాలా ఏళ్ళు తలమీద కాంక్రీటు తట్టలు మోసింది. భర్త పోయినప్పుడూ మోసింది. పలక మాత్రం అటక మీద దాచింది. ఈమధ్య మళ్ళీ సున్నపు మిద్దెలు అడుగుతున్నారు. గోరిమేడులో కడుతున్న ఈ చిన్న బడికి ఏసీలు అక్కర్లేకుండా గదులు చల్లగా ఉండాలని ఇంజనీరు అర్చిత పైకప్పుకు సున్నమే వేయిస్తోంది.

ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచిన మిద్దె మీద ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చున్నారు. బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లారు. రాజాత్తి పాట ఎత్తుకుంది. మేస్త్రీ లోకనాథన్ బొజ్జను ఎగతాళి చేసే పాట అది.

"అక్కా, నీ పలక కింద సున్నం కాదు, కొళంబు ఉడుకుతా ఉండాది!" అని మధ్యలో ఆపి నవ్వింది.

"పిల్లులొస్తే నీ పక్కకే తోల్తా. పాడవే."

పాటకు అందరి పలకలూ ఒక్కసారిగా పడాలి. ఒక దెబ్బ వెనకబడితే అక్కడ సున్నం గుల్లగా మిగులుతుంది, వాన అక్కడే దిగుతుంది. పాట నెమ్మదించినా ముప్పే. సున్నం బిగిసిపోయాక ఎంత కొట్టినా అణగదు.

ఈ రోజు పాట మరీ నెమ్మదిగా ఉంది.

"ఏందే రాజాత్తీ, శవం కూడా ఇంతకన్నా బిరీన పోతాది. ఎత్తి పాడు!"

"ఎండకి గొంతు పట్టుకునిందక్కా," అంది రాజాత్తి, పక్కవాళ్ళ వైపు చూసి.

ఎండ ఎక్కాక అంగమ్మాళ్ మంచినీళ్ళకు కిందికి దిగింది. చెంబు నోటి దగ్గర పెట్టుకోగానే తలమీద చప్పుడు మారింది. పెద్దవాన రేకుల మీద పడ్డట్టు పలకలు వేగంగా, ఒక్కటిగా మోగుతున్నాయి. రాజాత్తి గొంతు ఖంగుమంటోంది. అంగమ్మాళ్ నీళ్ళు తాగకుండానే వింది. ఇదీ తాళం. అత్త నేర్పిన తాళం.

మెట్లెక్కింది. ఆమె తల మిద్దె అంచున కనిపించగానే పాట నెమ్మదించింది.

ఎన్నాళ్ళుగా ఇట్లా తనకోసం ఆగుతున్నారో ఆమె అడగలేదు. వెళ్ళి తన చోట కూర్చుంది.

"ఇందాకటి మాదిరి పాడు రాజాత్తీ."

"అదేం లేదక్కా..."

"పాడే. కింద పిల్లోళ్ళు కూర్చునే ఇల్లు ఇది."

రాజాత్తి తల వంచుకుని పాట ఎత్తుకుంది, వేగంగా. అంగమ్మాళ్ పలక కొంతసేపు అందరితో పడింది. తర్వాత ఒక దెబ్బ ఆలస్యమైంది. మరొకటి. ఆమె పలకను ఎత్తి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. వరస ఆమెను దాటి సాగిపోయింది. ఆమె దెబ్బ లేని లోటు ఎక్కడా వినపడలేదు.

పాట అయ్యేదాకా ఆమె లేవలేదు.

ఆ రాత్రి కంచాల ముందు కూర్చున్నారు. తేన్మొళి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పలక యాడ పెట్టినారత్తా? నిమ్మకాయ కోసిపెట్టినా, రుద్ది కడిగిస్తా. వాసన పోతాది."

అంగమ్మాళ్ ఎడమ చేత్తో కుడి భుజాన్ని పట్టుకుని ముద్ద కలుపుకుంది.

"చేపలకి ఇంగ వేరే చెక్క చూసుకో. రేపట్నుంచి నేను పనికి పోను."

ఏడాదిగా ఆ మాట కోసమే పోరిన గుణశేఖరన్ నీళ్ళ చెంబు తల్లి వైపు జరిపాడు. తేన్మొళి నిమ్మచెక్కలను మెల్లగా గిన్నెకింద మూసిపెట్టింది.

గోరిమేడులో, ఇంకా తడి ఆరని మిద్దె మీద, రాజాత్తి పలక పక్కనే కడిగి బోర్లించిన పలక ఒకటి ఉంది. పిడి మీద ఇద్దరు ఆడవాళ్ళ బొటనవేళ్ళు అరగదీసిన పల్లం. చెక్క పగులులో, ఎంత కడిగినా రాని ఒక్క చేప పొలుసు.