తూకం తగ్గని పెట్టె

మా ఆయనకి రైళ్ల పిచ్చి. రైలెక్కి ఊళ్లు తిరిగే పిచ్చి అయితే నేనూ సంతోషించేదాన్ని. ఈయనగారిది బుల్లి రైళ్ల పిచ్చి. మా ఇంట్లో వెనక గది నిండా ఒకటే బల్ల. దాని మీద పట్టాలు, రెండు కొండలు, ఒక సొరంగం, ఒక వంతెన, ఒక స్టేషను. రైళ్లు నడిపే చోటుకి వెళ్లాలంటే బల్ల కింద నుంచి దూరి మధ్యలో ఉన్న ఖాళీలో తేలాలి. పెళ్లైన కొత్తలో ఆ గది మా పడగ్గది అవుతుందనుకున్నాను. నా అమాయకత్వం!

గోడవారగా అద్దాల బీరువా ఉంది. అందులో ఉన్నవి ఇంజన్లు కావు, ఇంజన్ల పెట్టెలు. కంపెనీ వేసిన సీలు వేసినట్టే ఉంటుంది. సీలు తెగితే విలువ పోతుందట. ఈ పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు నెలకో ఆదివారం మా ఇంట్లో చేరతారు. వాళ్లలో పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. జేబులోంచి తెల్ల గ్లౌజులు తీసి తొడుక్కుని, ఒక్కో పెట్టెనీ పసిగుడ్డుని ఎత్తుకున్నట్టు ఎత్తి, నాలుగు మూలలూ చూసి, "అద్భుతం" అని మళ్లీ లోపల పెట్టేస్తాడు. అందుకే నేను ఆయనకి గ్లౌజుల మాస్టారు అని పేరు పెట్టాను.

"పెట్టెని చూసే ఇంత మురిసిపోతున్నారు మాస్టారూ, లోపలి వస్తువు చూస్తే ఏమైపోతారో" అనేదాన్ని టీ అందిస్తూ. అందరూ నవ్వేవాళ్లు, మా ఆయన తప్ప. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. పొద్దస్తమానం తప్పులు ఏరే మనిషి. తప్పు లేని వస్తువంటూ లోకంలో ఉంటే అది విప్పని పెట్టెలోనే ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ పెట్టెల్లో ఒకటి మా నాన్న ఇచ్చింది.

నాన్న బొగ్గు ఇంజను డ్రైవరు. కొండదారిలో నడిచిన ఆఖరి ఇంజన్లలో ఒకదాన్ని రిటైరయ్యేదాకా నడిపాడు. బుల్లి రైళ్లు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఆ ఇంజనుకి నకలు తియ్యాలనుకుంది. వాళ్లు షెడ్డుకి వచ్చి టేపులు పెట్టి కొలుచుకుని, ఫొటోలు తీసుకుపోయారు. నాన్నే దగ్గరుండి అన్నీ చూపించాడు. డ్రైవరు నిలబడే చోట, తలుపు పక్కన ఒక సొట్ట ఉండేది. ఎప్పుడో ఒక కుదుపులో పార తగిలి పడింది. "ఇది వదిలెయ్యకండి బాబూ, ఇది నాది" అన్నాడట. వాళ్లు వదల్లేదు. తయారయ్యాక నాన్నకి ఒకటి పంపించారు. పెట్టె మీది ఫొటోలో కూడా ఆ సొట్ట కనిపిస్తుంది, ఆవగింజంత.

నాన్న దాన్ని విప్పకుండానే తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

"నా దగ్గర పట్టాల్లేవు బాబూ, నీ దగ్గరున్నాయి. నువ్వు నడుపు, నేను చూస్తా."

ఆయన అడిగింది అంతే. ఇచ్చిందీ అందుకే.

మా ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. అంత ప్రేమగా ఇచ్చిన దాన్ని ఎలా పడితే అలా నడపకూడదు కదా! ముందు స్టేషను ఆ కాలం నాటిది కావాలన్నాడు. కట్టాడు. తర్వాత వంతెనకి కమానులు తప్పు పడ్డాయన్నాడు. పగలగొట్టి మళ్లీ కట్టాడు. తర్వాత సిగ్నలు స్తంభం. ఆ ఇంజను నడిచిన రోజుల్లో దాని రంగు అలా ఉండేది కాదట. నాన్న వచ్చినప్పుడల్లా స్టూలు వేసుకుని పట్టాల పక్కన కూర్చునేవాడు.

"స్తంభం రంగుతో నాకేం పనయ్యా? నేను దీపం ఎర్రగా ఉందా పచ్చగా ఉందా అనే చూసేవాణ్ణి. పట్టాలుంటే చాలు, నడిపెయ్."

"నిదానమే ప్రధానం మామయ్యా. ఒక్కసారి సీలు తెగిందంటే మళ్లీ అతకదు. అన్నీ అమరనివ్వండి."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు బాబూ."

నవ్వుతూనే అనేవాడు. రెట్టించి అడిగే మనిషి కాదు. రోజూ తిరిగే చవక రకం ఎర్ర ఇంజను నాలుగు చుట్లు తిరగడం చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవాడు. గుమ్మం దాకా నేనే సాగనంపేదాన్ని.

ఇంతలో ఆ కంపెనీ మూతబడింది. గ్లౌజుల మాస్టారు ఒక ఆదివారం కబురు మోసుకొచ్చాడు. చివరి రోజుల్లో వాళ్లు ఖర్చు కలిసొస్తుందని తుక్కు కరిగించి, ఇంజన్లు పోతపోసే జింకులో కలిపారట. అందులో సీసం చేరిందట. అలాంటి లోహం ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే ఉబ్బి, పగిలి, పొడైపోతుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని జింకు తెగులు అంటారు. "ఆ రకం ఇంజన్లు ఉన్నవాళ్లని వెంటనే విప్పి చూసుకోమంటున్నారు" అన్నాడు మాస్టారు. "కానీ సీలు..." అని తనే ఆగిపోయాడు.

నలుగురూ తర్జనభర్జన పడ్డారు. మంచి బుర్రలే నలుగురివీ. తెగులు ఉందో లేదో తెలియాలంటే విప్పాలి. విప్పాక లేదని తేలితే సీలు అన్యాయంగా తెంపినట్టవుతుంది. కాబట్టి విప్పకుండా కనుక్కునే ఉపాయం కావాలి! మా ఆయనే కనిపెట్టాడు. వంటింట్లో నేను పిండి తూచుకునే త్రాసు పట్టుకుపోయి పెట్టెని తూచాడు. అట్ట మీద అచ్చేసిన బరువుకి సరిగ్గా సరిపోయింది. నలుగురూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పట్నుంచీ బీరువా దులిపినప్పుడల్లా ఒకసారి తూచి, "చూశావా, రవ్వంత తగ్గలేదు" అని నాకు చూపించేవాడు.

నాది పోస్టాఫీసులో పార్సిళ్ల కౌంటరు. "ఏమండీ, లోపల గాజుగ్లాసు వెయ్యి ముక్కలైనా పార్సిలు తూకం తగ్గదండీ" అన్నాను ఒకసారి. "ఇది గాజు కాదులే" అన్నాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు. గిల్లడం ఎందుకని ఊరుకున్నాను. ఆ రోజే కూరగాయలు తరిగే కత్తితో ఆ సీలు పరపరా కోసేసి ఉండాల్సింది. ఇంట్లో పెద్ద గొడవయ్యేది. అయితే అయ్యేది!

ఒకసారి నాన్న ఎప్పట్లా స్టూలు మీద కూర్చుని, "గదిలో దీపం మార్చారా, వెలుగు తగ్గిందేం?" అన్నాడు. దీపం మార్చలేదు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కంటి నరం ఎండిపోతోందన్నాడు. పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ ఇంజను ఒక్కసారి నడపమను తల్లీ. ఇంకా కాస్త ఆనుతోంది."

అంత చిన్న కోరికకి మా నాన్న బతిమాలుకోవాల్సి వచ్చిందని నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చీ రాగానే అన్నాను: "మీ స్తంభానికి రంగు ఆరేలోపు మా నాన్నకి చూపు పోతుంది. ఆ తర్వాత ఎవరికి చూపిస్తారు?"

ఆయన ముఖం పాలిపోయింది. "వంతెన కమ్మీలు మాత్రం పెట్టేస్తాను. వచ్చే ఆదివారం" అన్నాడు. కమ్మీలు వంకరగా వచ్చాయి. వచ్చే ఆదివారం కాస్తా ఆ పై ఆదివారమైంది, అదీ దాటిపోయింది. చివరికి నేను మాట్లాడటం మానేశాక గానీ ముహూర్తం కుదరలేదు. అప్పటికి నాన్నకి నీడలు మాత్రం తెలుస్తున్నాయి.

ఆ ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, నేను పక్కనే నిలబడ్డాను. మా ఆయన బల్ల కింద నుంచి దూరి మధ్యలోకి వెళ్లాడు. చుట్టూ మిత్రబృందం. గ్లౌజుల మాస్టారు బ్లేడు అందించాడు. సీలు తెగినప్పుడు ఎవరో నిట్టూర్చారు కూడా.

స్పాంజి మధ్యలో నల్లగా నిగనిగలాడుతూ ఇంజను. ఒక్క క్షణం నాకూ ముచ్చటేసింది. మా ఆయన రెండు వేళ్లతో మెల్లగా ఎత్తాడు. ముందు సగం చేతిలోకి వచ్చింది. వెనక సగం పెట్టెలోనే ఉండిపోయింది. చక్రాలు ఒక్కొక్కటే రాలాయి. బూడిదలాంటి పొడి ఆయన చొక్కా మీద పడింది.



"పెట్టావా బాబూ పట్టాల మీద?" నాన్న ముందుకి వంగాడు. "ఎవరూ వెలుతురుకి అడ్డం రాకండి."

గ్లౌజుల మాస్టారు గబగబా ఎర్ర ఇంజను తీసి, ఇది పెట్టు అని సైగ చేశాడు. మా ఆయన పెట్టాడు. మీట తిప్పాడు. ఎర్ర ఇంజను గిర్రుమంటూ బయల్దేరింది. చప్పుడు వెంటే నాన్న ముఖం తిరిగింది. ఆ ముఖంలో వెలుగు చూడలేక నేను తల దించుకున్నాను.

"ఇదేనా?"

"కాదు మామయ్యా." మా ఆయన మీట వెనక్కి తిప్పి బండి ఆపాడు. "మీది విరిగిపోయింది. తెగులు పట్టింది. విప్పి చూసుకోమన్నారు, నేనే చూడలేదు."



"నేనిచ్చినప్పుడు బాగానే ఉండుంటుందా?"

"ఉండుంటుంది మామయ్యా."

"ఊఁ" అన్నాడు. తర్వాత అరచెయ్యి చాచాడు. మా ఆయన ముక్కలు పోగుచేసి అందులో పెట్టాడు. నాన్న బొటనవేలితో ఒక్కోటీ తడిమాడు. పొగగొట్టం, పైకప్పు, తలుపు పక్క రేకు. గోరు ఒకచోట ఆగింది.

"ఇదుగోనమ్మా సొట్ట. నేను నిలబడేది ఇక్కడే." ఆ ముక్క అల్లుడికి తిరిగిచ్చాడు. "దీన్ని ఏదో ఒక డబ్బాలో పెట్టి ఒక్క చుట్టు తిప్పు బాబూ. నా చోటైనా తిరగనీ."

ఎర్ర ఇంజను వెనక మూతలేని బొగ్గు డబ్బా తగిలించి, అందులో ఆ రేకు ముక్క నిలబెట్టాడు. బండి కదిలింది.

"ఎక్కడుందో చెప్పమ్మా. నాకేం ఆనడం లేదు."

చెప్పాను. "స్టేషను దాటింది నాన్నా. కొండ పక్క నుంచి పోతోంది. సొరంగంలో దూరింది. ఆఁ, బయటికొచ్చింది. వంతెన ఎక్కుతోంది."

అక్కడ ఆగింది బండి. తల తిప్పి చూస్తే, మా ఆయన మీట వదిలేసి, తను కట్టుకున్న కొండ మీదే తల వాల్చేశాడు. భుజాలు కదులుతున్నాయి. మిత్రులందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను చెప్పడం ఆపలేదు. "వంతెన దాటుతోంది నాన్నా. ఇదిగో, మలుపు తిరిగి మన వైపే..."

నాన్న నా చేతి మీద చెయ్యి వేశాడు.

"బండి వంతెన మీదే ఆగిపోయిందమ్మా. కళ్లు పోయాయి గానీ నాకు చెవులున్నాయిగా. నాకు చెప్పింది చాల్లే, వెళ్లి అతన్ని చూడు."

ఆయన దగ్గరికి వెళ్లాలంటే బల్ల కింద నుంచి దూరాలి. దూరాను. అవతల లేచి నిలబడేసరికి, నాన్న ఇంకా వంతెన వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.