నిచ్చెన మీద చీమలు

లోకంలో తనకు తప్ప అడ్డమైన ప్రతివాడికీ పెళ్ళయిందని ఇరవై ఏళ్ళుగా తిట్టుకుంటున్న రాతి మేస్త్రికి చివరికొక సంబంధం వచ్చింది. సరిగ్గా ఆ పూటే అతను పరంజా మీద ఇరుక్కుపోయాడు.

జైనుల కొండ అది. సగం ఎత్తున గుహలో పాతకాలపు మునులు పడుకున్న రాతి పడకలు, వీపుల రాపిడికి అద్దంలా నునుపు తేలాయి. ఆ పైన బండ మీద వరసగా చెక్కిన తీర్థంకరులు. శిఖరాన ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడ్డ స్వామి. ఎన్నాళ్ళు కదలకుండా తపస్సు చేశాడో, కాళ్ళకూ చేతులకూ తీగలు అల్లుకున్నాయి, పాదాల దగ్గర పుట్టలు లేచాయి. అన్నీ రాతిలోనే. భుజం దగ్గర తీగ పగిలితే అతుకు వెయ్యడానికి ఎక్కాడు మేస్త్రి. పిల్ల తరఫువాళ్ళు కొండ కిందికి వచ్చేలోపు దిగిపోదామనుకున్నాడు.

దిగబోతే నిచ్చెన నల్లగా కదులుతోంది. మెట్టు మెట్టుకీ చీమలే.

ఆ కొండ మీద చీమను తొక్కినవాడికి మళ్ళీ పని దొరకదు. కొండ చూసుకునే పెద్దాయన నెమలీకల కుంచెతో మెత్తగా ఒక మెట్టు ఊడ్చేసరికి పై మెట్టు నిండిపోతోంది.

"ఒరేయ్, దిగుతావా, నన్నే ఎక్కి రమ్మంటావా?" అని కింద నుంచి అక్క కేక. ఆవిడ పక్కన బట్టలు కుట్టి బతికే పెళ్ళికూతురు, వెనక రొప్పుతూ పెళ్ళికూతురి అన్న. కొండ కింద చూసి చూసి పైకే వచ్చేశారు.

"చీమలక్కా!"

"పద చెల్లీ," అన్నాడు అన్న. "చీమలకి జడిసేవాడు నిన్నేం చూసుకుంటాడు?"

మేస్త్రి నిచ్చెన మీద కాలు పెట్టబోయి, చీమల్ని చూసి వెనక్కి లాక్కున్నాడు. ఇది కూడా పోయిందిరా దేవుడా!

పెళ్ళికూతురు మాత్రం కదల్లేదు. కుట్టుపనివాళ్ళ కన్ను కదా, ముందు చొక్కా మీదే పడింది.

"జేబు కింద ఆ మరకేంటండీ?"

"...బెల్లం."

"కొండ మీదికి తినేది తెచ్చావా!" పెద్దాయన కుంచె ఆగిపోయింది.

"తినడానికి కాదు స్వామీ! సంబంధం కుదిరితే ఈవిడ చేతిలో పెడదామని... ఎండకి కరిగి కారింది."

అక్క నెత్తి కొట్టుకుంది. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ చొక్కా విప్పి అటు ఉత్తి బండ మీదికి విసరండి."

మేస్త్రి విసిరాడు. కంగారులో నడుముకు చుట్టిన తువ్వాలు మీద కూడా చెయ్యి వేశాడు.

"చాలు చాలు! పక్కన స్వామి ఉన్నాడని పోటీకి దిగకండి!"

పెద్దాయనే ముందు ఫక్కుమన్నాడు. తర్వాత అక్క. అన్న కూడా నవ్వాడు గానీ, వెంటనే తేరుకుని పొద్దు వంక చూశాడు. "ఇవి కదిలేదెప్పుడు? పోదాం పదమ్మా."

ఆవిడ స్వామి పాదాల దగ్గర చతికిలబడింది.

"తీగలు అల్లుకునేదాకా ఆయన నిలబడ్డాడు. చీమలు దిగేదాకా నేను కూర్చోలేనా అన్నయ్యా?"

ఆ మాటకు మేస్త్రికి నిజంగానే కళ్ళు తిరిగి స్వామి భుజం పట్టుకున్నాడు. చీమలు ఒక్కొక్కటే చొక్కా దారి పట్టాయి. అతను మెట్టు మెట్టుకీ ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూ, కొత్తగా నడక నేర్చినవాడిలా దిగి వచ్చాడు. భుజం మీద ఇంకా ఒకటి మిగిలింది. ఆవిడ దాన్ని వేలికొసకు ఎక్కించుకుని బండ మీద వదిలింది. తర్వాత అతని భుజాల వెడల్పు జానతో కొలిచింది.

"కొత్త చొక్కా నేనే కుడతాను. జేబు మాత్రం పెట్టను."