దిండుకు నోరు కుట్టినదెవరు

పెద్దకోడలికి కడుపుమంట మొదలైన నాటి నుంచి ఆ కుట్టుదుకాణంలో ఇస్త్రీపెట్టెకు బొగ్గుల అవసరం తప్పిందని చెప్పుకునేవారు. ఆమె పక్కన పెడితే చాలు, దానంతట అదే వేడెక్కేదట. ఇందులో సగం కోతలని కొట్టేసినా, మిగిలిన వేడికి నాలుగు చొక్కాల మడతలు పోతాయి.

మంట పెట్టింది తోడికోడలు. పన్నెండేళ్ళుగా పనివాళ్ళందరికీ సూదులు గుచ్చుకునే దిండ్లు చేసిపెడుతున్నది పెద్దకోడలే. రంపపు పొట్టు జల్లించి, పల్చటి గుడ్డసంచిలో కూరి, పైన మఖమలు తొడిగేది. బాగుందని ఎవరూ అనలేదు, బాగాలేదనీ అనలేదు. గుచ్చిన చోటల్లా పొట్టు కారి బల్లల మీద గుట్టలు పడేది. అలాంటి ఒక గుట్టలో పోయిన తన కత్తెర ఆరు నెలల తర్వాత దొరికిందని, కాజాలు కుట్టే తాత ఒట్టేసి మరీ చెబుతాడు.

చిన్నకోడలు కాపురానికి వచ్చి నాలుగు నెలలే. వచ్చీరాగానే ఒక దిండు చేసి బల్ల మీద పెట్టింది. అంతే, అందరూ తమ దిండ్లు వదిలేసి సూది గుచ్చడానికి ఆ బల్ల దాకా నడవడం మొదలుపెట్టారు. సూది వెన్నలో దిగినట్టు దిగుతుందట, తుప్పు పట్టదట. తాత అయితే ఆ నడకతో తన మోకాలినొప్పి కూడా పోయిందన్నాడు.

దుకాణం పెద్ద మామగారు. ఆయన కత్తెర కింద పెట్టి చెప్పారు: "ఇద్దరూ చెరొకటి చెయ్యండమ్మా. శనివారం చూస్తాను. ఏది బాగుంటే అదే ఇకమీదట మన దిండు. దుకాణం ముందరి అద్దాల బీరువాలో పెడదాం. రెండోవాళ్ళు మొదటివాళ్ళు చెప్పినట్టు చేస్తారు."

రెండోవాళ్ళు! పన్నెండేళ్ళ చెయ్యి నిన్నగాక మొన్న వచ్చినదాని కిందా! పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ వారమంతా ఆమె కూరనిది లేదు. తవుడు నింపితే పురుగు వచ్చి కాపురం పెట్టింది. ఇసుక నింపితే సూది కిర్రుమని అరిచింది. దూది నింపితే సూది నిలబడలేక తాగుబోతులా పక్కకు ఒరిగింది. పాత మేజోళ్ళు పీకి నింపితే, సూది సగం దిగి అలిగి కూర్చుంది. లోపలి గుడ్డ దళసరిదైతే సూది దిగదు, పల్చనిదైతే లోపలిది ఆగదు. చివరికి మళ్ళీ పొట్టే నింపింది, సంచిగుడ్డ మాత్రం రెండు మడతలు వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నకోడలు బొత్తాల కోసం బజారుకు వెళ్ళింది. ఆమె దిండు సిద్ధమై బుట్టలో ఉంది. పెద్దకోడలు అటూ ఇటూ చూసి, లోపలిది నింపాక మూసిన దాని నోటి కుట్టును చిన్న కత్తెరతో తెంపింది.

లోపల మంత్రమూ లేదు, మాయా లేదు. అడుగున పాత గొడుగుగుడ్డ సంచిలో పిడికెడు ఇసుక, బల్ల మీద కదలకుండా బరువుకు. దాని పైన కడగని గొర్రె ఉన్ని, జిడ్డు జిడ్డుగా. ఆ జిడ్డే సూదికి నూనె. లోపలి గుడ్డ ఏళ్ళ తరబడి ఉతికిన దుప్పటి ముక్క, మెత్తగా, నేత దగ్గరగా.

"ఇంతేనా!" అనుకుంది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదని ఇంకా మండింది. ఆ ఉన్ని తీసేసి తడిపొట్టు కూరేద్దామా అని చెయ్యి సాచింది కూడా. ఇంతలో వీధిలో చెప్పుల చప్పుడు. గబగబా నోరు మూసి కుట్టేసింది. కానీ చేతికి పన్నెండేళ్ళ అలవాటు కదా, ఎంత తొందరలోనూ నాసిగా కుట్టడం దానికి రాదు.

శనివారం అందరూ చుట్టూ చేరారు. మామగారు రెండు దిండ్లలోనూ సూదులు గుచ్చి చూశారు. చిన్నకోడలి దిండును తిరగేసి, కళ్ళజోడు పైకి తోసి, అక్కడే ఆగిపోయారు.

"ఒరే, దీనికి నోరేదిరా? ఎక్కడ మూసిందో కనబడితే ఒట్టు. తాతా, నువ్వు చూడు."

తాత చూశాడు. "అమ్మ కడుపులోంచే ఇలా పుట్టిందేమో బాబూ!"

"శభాష్ చిన్నమ్మాయ్! ఈ చెయ్యి ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?"

చిన్నకోడలు బిత్తరపోయింది. తన నోటికుట్టు దూడ నమిలిన తాడులా ఉంటుందని ఆమెకు తెలుసు. "అది... మామయ్యగారూ..." అంటూ నసిగింది.

పెద్దకోడలు ఇరకాటంలో పడింది. నోరెత్తితే దొంగ. నోరు మూసుకుంటే తన కుట్టుకు ఆ చిన్నదానికి శభాషులు! ఒక్క క్షణం ఓర్చుకుంది. రెండో క్షణం ఆమె వల్ల కాలేదు.

"ఆ కుట్టు నాది!"

మామగారు కళ్ళజోడు కిందికి దించుకున్నారు.

చిన్నకోడలు మెల్లగా అడిగింది: "నా దిండుకు నువ్వెందుకు కుట్టావక్కా?"

"విప్పాను కాబట్టి కుట్టాను! విప్పి అలాగే వదిలేస్తారా ఎవరైనా?"

తాత నవ్వు ఆపుకోలేక బల్ల కింద దూరాడు. మామగారు మాత్రం నవ్వలేదు. "దిండు చిన్నదానిది. నింపే పని అది చెప్పినట్టు జరుగుతుంది. నోళ్ళు మాత్రం నువ్వే కుట్టాలి పెద్దమ్మాయ్, ఒక్కటి కూడా ఇంకొకరు ముట్టుకోకూడదు," అన్నారు.

అది శిక్షో మెప్పో పెద్దకోడలికి తేలలేదు. అద్దాల బీరువా ముందు ఆగినవాళ్ళంతా "లోపల ఏం పెట్టారమ్మా?" అని చిన్నదాన్నే అడిగేవారు. కనబడని కుట్టును ఎవరు అడుగుతారు? పదిరోజులు పళ్ళు బిగబట్టి, పదకొండో రోజు ఒక దిండు నోరు ఎర్రదారంతో కుట్టింది.

చిన్నకోడలు దాన్ని తిప్పి తిప్పి చూసింది. "భలే ఉందక్కా! ఇకనుంచి అన్నిటికీ ఎర్రదారమే వేద్దాం."

వేద్దామట! తనే కనిపెట్టినట్టు! పెద్దకోడలు దిండు లాక్కుని, ఆ కుట్టంతా పరపరా విప్పేసి, పచ్చదారం కోసం డబ్బా వెతకసాగింది.